ఎగిరిపోయిన ‘వద్దు’

మా బాబాయి కొడుక్కి ముందు పన్ను ఒకటి సగానికి విరిగి ఉంటుంది. వాడు నవ్వితే మొదట కనిపించేది అదే. వాడికి తొమ్మిదేళ్లప్పుడు నాన్నమ్మ వాళ్ల ఊళ్లో ఒక పెళ్లికి వెళ్లాం. భోజనాల దగ్గర వాడికి ఫిట్స్ వచ్చాయి. పందిట్లో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా డాక్టర్లయిపోయారు. ఒకాయన తాళాల గుత్తి తెచ్చి గుప్పిట్లో పెట్టాడు. ఇద్దరు కాళ్లూ చేతులూ అదిమి పట్టుకున్నారు. మాకు పెదనాన్న వరసయ్యే ఇంకొకాయన, పిల్లాడు నాలుక కొరుక్కుంటాడేమోనని, వడ్డించే గరిటె కాడ తీసి పళ్ల మధ్య దూర్చాడు. రెండు మూడు నిమిషాల్లో ఫిట్స్ వాటంతట అవే తగ్గాయి. పన్ను సగం మాత్రం ఆ పందిట్లోనే ఉండిపోయింది.

2021 అక్టోబరులో ట్విట్టర్లో ఒక స్క్రీన్‌షాట్ తిరిగింది. ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలని ఎవరో గూగుల్‌ని అడిగారు. పైన పెద్ద అక్షరాలతో బాక్సులో జవాబు వచ్చింది: మనిషిని కదలకుండా పట్టుకోండి, నోట్లో ఏదైనా పెట్టండి... అంటే, సరిగ్గా మా పెళ్లిపందిరి వైద్యమే. జవాబు తీసుకున్నది అమెరికాలో యూటా యూనివర్సిటీ వాళ్ల వైద్య సైటు నుంచి. ఆ పేజీ తెరిచి చూస్తే అక్కడంతా సరిగ్గానే ఉంది. ఆ జాబితా పైన ‘డు నాట్’ అని ఉంది. ఇవి చెయ్యొద్దు అని. గూగుల్ ఆ జాబితాని తీసుకుంది, పైనున్న ‘వద్దు’ని అక్కడే వదిలేసింది.

(చెయ్యాల్సింది ఇది: పక్కకి తిప్పి పడుకోబెట్టడం, చుట్టుపక్కల గుచ్చుకునే వస్తువులు తీసెయ్యడం, టైము చూడటం. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యడం. నోట్లో ఏమీ పెట్టకూడదు. తాళాల గుత్తి వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. ఈ వ్యాసంలో ఇంకేం గుర్తులేకపోయినా ఇది గుర్తుంటే చాలు.)

సెర్చ్ ఇంజన్లు తప్పు జవాబులు చెప్పడం ఏఐతో మొదలైందని ఇప్పుడు చాలామంది అనుకుంటున్నారు. ఆ స్క్రీన్‌షాట్ నాటికి చాట్‌జీపీటీ రావడానికి ఇంకా ఏడాది పైనే ఉంది. అందుకే ఈ కథని కాస్త వెనక నుంచి చెప్పుకోవాలనిపించింది. తప్పు ఎప్పుడు మొదలైందన్నది నాకంత పెద్ద ప్రశ్న కాదు. చోటు చూపించే పని మానేసి, మాట చెప్పే పనిలోకి ఈ యంత్రాలు ఎప్పుడు దిగాయన్నదే నా ప్రశ్న.

మొదట్లో వీటికి మాట చెప్పే ఉద్దేశమే లేదు. 1990లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో అలాన్ ఎమ్టాజ్ అనే విద్యార్థి ‘ఆర్చీ’ అనే ప్రోగ్రాం రాశాడు. ఏ ఫైలు ఏ కంప్యూటర్లో ఉందో పేరుని బట్టి చెప్పడమే దాని పని. ఫైల్లో ఏముందో దానికి తెలీదు. 1994లో వచ్చిన యాహూ, మనుషులు కూర్చుని సర్దిన అట్టపెట్టెల గది లాంటిది. 1998లో సెర్గీ బ్రిన్, లారీ పేజ్ తమ పేపర్లో చెప్పిన కిటుకు కూడా, ఎవరు ఎవరికి లింకు ఇచ్చారో లెక్కగట్టి ఏ పేజీ ముందుండాలో తేల్చడమే. ఏది నిజమో తేల్చడం కాదు. 2004లో ఒక ఇంటర్వ్యూలో లారీ పేజ్, జనం గూగుల్ నుంచి వీలైనంత త్వరగా బయటికెళ్లి సరైన చోటికి చేరాలన్నదే తమ కోరిక అన్నాడు. ఇవాళ చదివితే అది ఏదో పాత సినిమాలో హీరో మాటలా ఉంటుంది.

అలాగని ప్రశ్నకి నేరుగా జవాబు చెప్పే వ్యాపారం కొత్తదేం కాదు. 1691లో లండన్లో జాన్ డంటన్ అనే పుస్తక వ్యాపారి ‘ఎథీనియన్ మెర్క్యురీ’ అనే పత్రిక పెట్టాడు. పాఠకులు ఏ ప్రశ్నయినా పంపొచ్చు, పేరు చెప్పక్కర్లేదు. పెళ్లి గురించి, దేవుడి గురించి, ప్రకృతి వింతల గురించి ప్రశ్నలు వచ్చిపడ్డాయి. జవాబులిచ్చేది ‘ఎథీనియన్ సొసైటీ’ అనే పండిత సభ అని పేరు. నిజానికి ఆ సభంతా కలిపి డంటను, అతనికి పెళ్లి వైపు బంధువైన ఒక మతాచార్యుడు, ఒక లెక్కల మాస్టారు, అంతే. చెప్పింది ముగ్గురైనా, ముప్ఫైమంది పండితులు చెప్పినట్టు వినిపించే గొంతు ఒకటి తయారు చేసుకున్నారు. గొంతు ఎవరిదో తెలియకపోతే జవాబుకి బరువు పెరుగుతుందని డంటన్ కనిపెట్టినట్టున్నాడు. ఆరేళ్లు నడిచింది పత్రిక.

మన వైపు నుంచి ఒక పేరు చెప్పుకోవాలంటే ఎస్. ఆర్. రంగనాథన్. మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్. 1931లో ఆయన గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాశాడు. నాలుగోది: పాఠకుడి సమయాన్ని ఆదా చెయ్యి. దీన్ని కాదనేవాళ్లెవరు? నేను చదువుకునే రోజుల్లో మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఉన్న లైబ్రేరియన్ గారికి రంగనాథన్ పేరు తెలుసో లేదో గానీ ఆ సూత్రం తెలుసు. “ఫలానాది కావాలండీ” అంటే బీరువా వైపు చెయ్యి చూపించేవారు. పుస్తకం తీసి పేజీ కూడా తెరిచి ఇచ్చేవారు ఒక్కోసారి. పేజీ చింపి మాత్రం ఇచ్చేవారు కాదు.

గూగుల్ చింపడం మొదలుపెట్టింది 2014 ప్రాంతంలో. అంతకు రెండేళ్ల ముందే నాలెడ్జ్ గ్రాఫ్ అని ఒకటి వచ్చింది. రాజధాని ఏది, ఎత్తెంత, ఎప్పుడు పుట్టాడు లాంటి వాటికి పక్కన ఒక డబ్బాలో జవాబు. దాంతో పెద్ద గొడవ లేదు. ఆ తర్వాత వచ్చిన ‘ఫీచర్డ్ స్నిపెట్’ వేరు. ఎవరో రాసిన పేజీలోంచి నాలుగు వాక్యాలు కోసి, లింకులన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో పెట్టడం. 2016లో గూగుల్ హోమ్ స్పీకరు వచ్చాక ఇంకో మెట్టు దిగాం. స్క్రీను మీదైతే కింద మిగతా లింకులు కనీసం కనిపిస్తాయి. స్పీకరుకి ఒక్క నోరు, ఒక్క జవాబు. 2017 మార్చిలో, ఒబామా కుట్ర చేస్తున్నాడా అని అడిగితే, అవును, కమ్యూనిస్టు కుట్ర చేస్తూ ఉండొచ్చని ఆ స్పీకరు తొణక్కుండా చెప్పింది. ఏదో కుట్ర సిద్ధాంతాల సైటులోని ముక్క అది. సైటులో చదివితే ఆ రంగులూ ఆ అరుపులూ చూసి ఎవరైనా పసిగడతారు. వంటింట్లో మర్యాదగా మాట్లాడే ఆడగొంతులో వింటే అది వార్తలా ఉంటుంది.

2021 జూన్‌ది మనకి బాగా దగ్గరి సంగతి. భారతదేశంలో అన్నిటికంటే వికారమైన భాష ఏది అని అడిగితే గూగుల్ ‘కన్నడ’ అని చూపించింది. కర్ణాటక భగ్గుమంది. మంత్రి లీగల్ నోటీసు అన్నాడు, గూగుల్ క్షమాపణ చెప్పింది, అది తమ అభిప్రాయం కాదంది. ఆ ముక్క వచ్చింది అప్పుల సర్దుబాటు గురించి రాసుకునే ఒక ఊరూపేరూ లేని సైటు నుంచి. మా టీములో బళ్లారి అతను ఒకడున్నాడు. తెలుగు మాకంటే బాగా మాట్లాడతాడు. ఆ రోజు పొద్దున స్టాండప్ కాల్‌లో “నిన్న చేసిందే ఇవాళా చేస్తున్నా” అని ఒక్క ముక్క చెప్పి మ్యూట్ చేసుకున్నాడు. నాకప్పుడు తట్టింది ఏమిటంటే, ఇక్కడ తప్పు జవాబులో మాత్రమే లేదు. ఏ మనిషిని అడిగినా ముందు “ఇదేం ప్రశ్న?” అంటాడు. మా లైబ్రేరియన్ గారైతే కళ్లజోడు కిందకి దించి చూసేవారు, ఆ చూపుకే ప్రశ్న వెనక్కి వెళ్లిపోయేది. జవాబు చెప్పడమే ఉద్యోగమైన యంత్రానికి ఆ చూపు లేదు. అడిగారు కాబట్టి ఎక్కడో ఒకచోట వెతికి తెచ్చి పెడుతుంది.

మళ్లీ ఆ ‘డు నాట్’ దగ్గరికి వస్తాను, అది నన్ను అంత తేలిగ్గా వదల్లేదు కాబట్టి. ఇంగ్లీషులో ఒక సౌకర్యం ఉంది. పైన ‘డు నాట్’ అని ఒక్కసారి రాసి, కింద పది పనులు పేర్చొచ్చు. ఆ ఒక్క ‘నాట్’ పదింటినీ కాపలా కాస్తుంది. కాపలావాణ్ణి తప్పిస్తే పదీ తలకిందులవుతాయి. తెలుగులో వద్దు అన్నది క్రియకే అంటుకుని ఉంటుంది. పట్టుకోకూడదు, పెట్టకండి, తాగించొద్దు. దేనికది విడదీసినా వద్దు దాంతోపాటే వస్తుంది. (‘చేయకూడని పనులు’ అని శీర్షిక పెట్టి, కింద ‘గట్టిగా పట్టుకోవడం, నోట్లో పెట్టడం’ అని రాసే పోస్టర్లూ ఉన్నాయి. అది ఇంగ్లీషు చూసి రాసే అలవాటని నా అనుమానం.) తెలుగు గెలిచిందని సంబరపడబోయి ఆగాను. మన వద్దు వాక్యం చివర ఉంటుంది. యంత్రాలు వాక్యాలని కోసేది చివర్లోనే. ‘నోట్లో ఏదైనా వస్తువు పెట్ట’ అని అక్షరాల లెక్క అయిపోయి మూడు చుక్కలు పడితే, ఆ చుక్కల్లో కూడదు ఉందో, మంటారో ఎవరికి తెలుసు? పైగా చాలా భాషా మోడళ్లు అదే విషయాన్ని ఇంగ్లీషులో కంటే తెలుగులో ఎక్కువ ముక్కలు చేసుకుని చదువుతాయి. కాబట్టి హద్దు మనకి ముందే వస్తుంది.

ధర్మరాజు చెప్పిన అబద్ధం కూడా ఇలాంటి కోతే కదా. వాక్యం మొత్తం చెప్పాడు. ఏనుగు అన్నమాట చప్పుడులో కలిసిపోయింది. ద్రోణుడికి అందింది మొదటి సగం.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక జరిగినవి అందరికీ తెలిసినవే కాబట్టి గబగబా చెప్పేస్తాను. 2023 ఫిబ్రవరిలో గూగుల్ తన ‘బార్డ్’ని పరిచయం చేస్తూ ఇచ్చిన ప్రకటనలోనే, సౌరకుటుంబం బయటి గ్రహాన్ని మొట్టమొదట ఫొటో తీసింది జేమ్స్ వెబ్ టెలిస్కోప్ అని ఉంది. అది 2004లోనే చిలీలోని యూరపు వాళ్ల టెలిస్కోపు తీసింది. ఒక్క రోజులో కంపెనీ విలువ సుమారు 10,000 కోట్ల డాలర్లు పడిపోయింది. అదే వారం మొదలైన మైక్రోసాఫ్ట్ బింగ్, కొత్త అవతార్ సినిమా ఆటల టైము అడిగిన మనిషితో, ఇది ఇంకా 2022, సినిమా రాలేదు అని వాదనకి దిగింది. ఇవి యంత్రం తనంతట తాను అల్లినవి, లేదా తికమకపడినవి. ఇలాంటివి పట్టుకోవడం కాస్త సులువు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసినవి ఆ తర్వాతి ఏడాదివి.

2024 మేలో గూగుల్ అమెరికాలో అందరికీ ‘ఏఐ ఓవర్‌వ్యూస్’ తెరిచింది. పిజ్జా మీద చీజ్ అంటుకోవట్లేదు ఏం చెయ్యాలి అంటే, సాస్‌లో కాస్త జిగురు కలపమంది, విషం లేని రకం చూసి. రోజుకి ఎన్ని రాళ్లు తినాలి అంటే, కనీసం ఒక చిన్న రాయి తినమని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతున్నారంది. లోకం నవ్వింది. ఏఐకి పిచ్చెక్కింది, ఊహించి చెబుతోంది అన్నారు. కాదు. జిగురు మాట రెడిట్‌లో పదకొండేళ్ల కిందట ఎవరో వేసిన జోకు. రాయి మాట ‘ది ఆనియన్’ అనే వెటకారాల పత్రిక 2021లో రాసిన ఉత్తుత్తి వార్త. యంత్రం ఏదీ కల్పించలేదు. ఉన్నదాన్ని బుద్ధిగా చదివి, బుద్ధిగా అప్పజెప్పింది. పేజీలోంచి మాట తెచ్చింది గానీ, మాట అన్న మనిషి మొహాన్ని తేలేదు. ఫిట్స్ జాబితాలో శీర్షిక పోయినట్టే ఇక్కడ నవ్వు పోయింది.

మన పెద్దవాళ్లు కుర్రాళ్లని చూసి “రాళ్లు తిని అరిగించుకునే వయసురా మీది” అంటారు. ఈ మాట ఎన్ని తెలుగు కథల్లో, ఎన్ని కామెంట్లలో ఉండి ఉంటుందో. ఏ తెలుగు ఓవర్‌వ్యూ అయినా దీన్ని చదివి ఇరవై ఏళ్లవాడికి ఆహార నియమం చెప్పదని నేనైతే పూచీ పడను. మన భాషలో సగం ప్రేమ తిట్టులోనే ఉంటుంది, సగం కాదనడం “అలాగేలే” అనడంలో ఉంటుంది.

గూగుల్ సెర్చ్ అధిపతి లిజ్ రీడ్ ఆ నెలాఖరున ఒక వివరణ రాసింది. ఆ స్క్రీన్‌షాట్లు ప్రచారంలోకి రాకముందు రోజుకెన్ని రాళ్లు తినాలని దాదాపు ఎవరూ అడగలేదని, అందుకే దాని గురించి గంభీరంగా రాసిన పేజీలూ లేవని. ఇది సాకులా ఉంటుంది గానీ అబద్ధం కాదు. ఎవరూ గంభీరంగా రాయని చోట వెటకారమే మిగులుతుంది. కాకపోతే, పాత సెర్చ్ అలాంటప్పుడు ఆనియన్ లింకు చూపించి ఊరుకునేది, ఆ పేరు చూసి మనమే నవ్వుకునేవాళ్లం. ఖాళీ చోటుని ఖాళీగా చూపించడం కూడా ఒక జవాబేనని రీడ్ గారి కంపెనీకే ఒకప్పుడు తెలుసు.

దీనికి మందుగా ఇప్పుడు అందరూ చూపిస్తున్నది సైటేషన్లు. ప్రతి వాక్యం పక్కన చిన్న అంకె, నొక్కితే మూలం. 2023లో స్టాన్‌ఫర్డ్‌లో నెల్సన్ లియు, టియాన్యీ జాంగ్, పెర్సీ లియాంగ్ అలాంటి నాలుగు ఇంజన్లని పట్టి చూశారు. జవాబుల్లోని వాక్యాల్లో 51.5 శాతానికి మాత్రమే ఇచ్చిన మూలాల నుంచి పూర్తి ఆధారం దొరికింది. ఇచ్చిన సైటేషన్లలో 74.5 శాతమే తాము పక్కనున్న వాక్యాన్ని నిజంగా సమర్థించాయి. అంతకంటే నాకు గుచ్చుకున్నది ఇంకోటి. జనానికి ఉపయోగకరంగా అనిపించిన జవాబుల్లోనే సైటేషన్లు ఎక్కువ బలహీనంగా ఉన్నాయట. మూలానికి కట్టుబడినవి ముక్కలు ముక్కలుగా ఉంటాయి, కట్టుబడనివి హాయిగా చదివిస్తాయి. డంటన్ ఉండుంటే, ఆ మాత్రం నాకు తెలీదా అనేవాడు.

ఇంతవరకూ ఊరి మీద పడ్డాను. ఇప్పుడు నా సంగతి.

అదే 2023లో మా టీము ఒక ఆరోగ్య బీమా క్లయింటుకి జవాబులు చెప్పే సెర్చ్ కట్టింది. కస్టమరు ప్రశ్న అడిగితే, పాలసీ పత్రాల్లో వెతికి, దొరికిన భాగాలు మోడల్‌కిచ్చి, జవాబు రాయించి, కింద పేజీ నంబరు చూపించాలి. పత్రాలని ముక్కలు చేసే కోడ్ నేను రాశాను. దీన్ని మేం చంకింగ్ అంటాం. ఒక్కో ముక్క ఇంత సైజు మించకూడదు, పేజీ మారితే ముక్క మారాలి. పేజీ దగ్గర తెగ్గొడితే సైటేషన్ నంబరు ఎప్పుడూ తప్పదు, అదీ నా తెలివి. రెండు వందల ప్రశ్నలతో పరీక్షించాం, బాగానే వచ్చింది. డెమో రోజు బిర్యానీ కూడా తెప్పించారు.

ఆ పాలసీలో 11వ పేజీ అడుగున ఒక వాక్యం ఉంది: పాలసీ తీసుకున్న మొదటి రెండేళ్లు ఈ కింది చికిత్సలకు బీమా వర్తించదు. ఆ కింది చికిత్సలు మాత్రం 12వ పేజీలో ఉన్నాయి. కంటిశుక్లం, హెర్నియా, మోకాలి మార్పిడి, ఇంకా అలాంటివే పదో పన్నెండో. నా కోడ్ వాటిని రెండు ముక్కలు చేసింది. ‘వర్తించదు’ ఒక ముక్కలో, మోకాలు ఇంకో ముక్కలో.

యూటా పేజీ కథ నాకు అప్పటికి రెండేళ్లుగా తెలుసు. లంచ్ దగ్గర పదిమందికి చెప్పి ఉంటాను. అయినా నా చేతిలో ఉన్నది అదే కత్తి అని తట్టలేదు. మా పెదనాన్న వరస ఆయన పోయేదాకా ఏ ఫంక్షన్లో కనిపించినా మా తమ్ముడి భుజం మీద చెయ్యేసి, “నా వల్లేరా అబ్బాయ్” అనేవాడు. అనీ అనీ అదొక జోకు అయిపోయింది ఇంట్లో. కనీసం వాడికి తెలుసు, గరిటె ఎవరు పెట్టారో.

నాలుగు నెలల తర్వాత టికెట్ వచ్చింది. ఒక కస్టమరు వాళ్లమ్మ మోకాలి ఆపరేషన్‌కి బీమా వస్తుందా అని అడిగాడు. వస్తుందని మా సెర్చ్ చెప్పింది, మర్యాదగా, రెండు వాక్యాల్లో. ఆయన ఆపరేషన్ చేయించాడు. పాలసీ తీసుకుని పధ్నాలుగు నెలలే అయింది కాబట్టి క్లెయిము తిరస్కరించారు. కోడ్ సరిచెయ్యడానికి నాకు ఒక పూట పట్టింది. ప్రతి ముక్క నెత్తిన దాని పై శీర్షికని అంటించడం, అంతే. రిలీజ్ నోట్‌లో ‘జవాబుల కచ్చితత్వం మెరుగుపరచబడింది’ అన్న అర్థం వచ్చే లైను ఒకటి రాశాను. డబ్బు సంగతి ఏమైందో టికెట్లో ఉండదు. అది వేరే డిపార్ట్‌మెంటు.

టికెట్‌కి ఆయన రెండు స్క్రీన్‌షాట్లు జత చేశాడు. మొదటిది మా జవాబు. రెండోది, జవాబు కింద ఉన్న అంకె నొక్కితే తెరుచుకున్న పాలసీ 12వ పేజీ. చికిత్సల జాబితా, అందులో ‘మోకాలి మార్పిడి’ చుట్టూ ఫోన్లో వేలితో గీసిన ఎర్ర సున్నా. కింద ఒక్క లైను రాశాడు: “నేను సోర్సు కూడా ఓపెన్ చేసి చూసుకున్నానండీ.”